కొండ దిగేముందు

తిరుమల కొండకు మోటారు బళ్ళు పొయ్యే రోడ్లు రెండు. మొదటిది 1944లో వేశారు. అంతకుముందు కాళ్ళున్నవాడు నడిచేవాడు, లేనివాడు డోలీ ఎక్కేవాడు. రెండవ రోడ్డు 1974లో వచ్చింది. అప్పటినుంచీ కొత్త రోడ్డున ఎక్కడం, పాత రోడ్డున దిగడం ఆనవాయితీ. పాత రోడ్డు పొడవు 19 కిలోమీటర్లు, అందులో హెయిర్‌పిన్ మలుపులు 36. జడపిన్ను వంగినట్టు వంగి, వచ్చిన దిక్కుకే మళ్ళీ మొహం తిప్పే మలుపులన్నమాట.

ఎక్కేటప్పుడు అందరికీ భయమే. ఇంజను మూలుగుతుంటే వెనుక సీట్లో గోవింద నామం జోరందుకుంటుంది. దర్శనం అయి దిగేటప్పుడు మాత్రం భయముండదు. లడ్డూల సంచీ ఒళ్ళో పెట్టుకొని, గుండు మీద తువ్వాలు కప్పుకొని, హాయిగా కునుకు తీస్తారు. నిజానికి బండికి అసలు పరీక్ష ఆ కునుకు వేళే.

కాస్త లెక్క చెబుతాను, విసుక్కోకండి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున వుంది. తిరుపతి 160 మీటర్ల దగ్గర. అంటే దిగవలసిన లోతు దాదాపు 700 మీటర్లు. చిన్న కారు, నలుగురు మనుషులు, సామాను అన్నీ కలిసి వెయ్యి కిలోలనుకోండి. ఆ బరువు అంత ఎత్తునుంచి దిగివచ్చి కింద బుద్ధిగా నిలబడాలంటే, దాని జోరంతా వేడిగా మారిపోవాలి. ఎంత వేడి? ఇరవై లీటర్ల చన్నీళ్ళను కాగులో పోసి తెర్ల కాగించేంత! అందులో కొంత ఇంజను పుచ్చుకుంటుంది, కొంత గాలి పుచ్చుకుంటుంది. మిగిలినదంతా నాలుగు చక్రాల్లో వున్న బ్రేకులే మింగాలి.

ఈ లెక్క నాకు చెప్పింది ఇంజనీరు కాదు. తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున్న ఒక రేకుల షెడ్డులో, స్టూలు మీద కూర్చుని మా బండి వెనుక చక్రం విప్పిన ఒక ముసలి మేస్త్రి. ఆయన లీటర్లు అనలేదు, మీటర్లు అనలేదు; “ఒక కాగు నీళ్ళు కాగుతాయి సార్” అన్నాడు. తరవాత మా అమ్మాయి కాగితం మీద గుణించి చూస్తే, ఆయన కాగు సరిగ్గానే వుంది.

ఆయన దగ్గరికి మేము ఎందుకు చేరవలసివచ్చిందో చెప్పాలిగదా.

మా అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు పనిచెయ్యవు. బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. “సొంత బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తే కొండకొస్తాను, లేకపోతే వెంకటేశ్వరస్వామే మనింటికి రావాలి” అన్నది. మూడువందల రూపాయల దర్శనం టిక్కెట్లు ముందే తీసుకున్నాము. మర్నాడు పదిగంటల వేళకు పైన వుండాలి. మా బండి 2014లో కొన్న చిన్న మారుతి ఆల్టో. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు. విజయవాడలో తెల్లవారుజామున బయలుదేరి ఒంగోలు, నెల్లూరు దాటి నాయుడుపేట దగ్గర పెద్దరోడ్డు వదిలి, మిట్టమధ్యాహ్నానికి శ్రీకాళహస్తి చేరాము.

కాళహస్తిలో ఆగకుండా పొయ్యేవాళ్ళుంటారని నేననుకోను. స్వర్ణముఖి ఒడ్డున, కొండ నానుకొని ఆ గుడి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం దాదాపు అయిదు శతాబ్దాలు నిలిచి, 2010 మే నెలలో ఒకనాటి రాత్రి కూలిపోయింది. కూలకముందు చాలా రోజులు దాని గోడమీద బీటలు అందరికీ కనిపిస్తూనే వున్నాయి. అదే స్థలంలో కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం చేశారు. మా అమ్మ పాత గోపురాన్ని పెళ్ళయిన కొత్తలో చూసింది. కొత్తదాన్ని తలెత్తి చాలాసేపు చూసి, “బాగానే వుంది గాని, దీనికింకా ఎండ తగలాలి” అన్నది.

గుడినుంచి బయటికొచ్చి బండి దగ్గర నిలబడితే, ఎడమవైపు వెనుక చక్రం దగ్గర ఒక వాసన. కాలిన గోనెసంచీ వాసనకు ఇనుము కలిస్తే ఎలావుంటుందో అలా. చెయ్యి దగ్గరపెడితే సెగ. కుడివైపు చక్రం గోరువెచ్చగా వుంది, ఇది మాత్రం పొయ్యిమీదినుంచి దించిన పెనంలా వుంది. దానికితోడు రివర్సు చేసినప్పుడల్లా లోపలెక్కడో “టక్” మని ఒక చప్పుడు.

“ఏమండీ, బండి కిందే పెట్టేసి బస్సులో పోదామండీ” అన్నది మా ఆవిడ.

“బస్సెక్కను” అన్నది మా అమ్మ.

ఇంట్లో ఇలాంటి సందర్భాలలో నా అభిప్రాయం ఎవరూ అడగరు గనుక, మెల్లగా బండి నడుపుకుంటూ, వీలైనంతవరకు బ్రేకు తొక్కకుండా, తిరుపతి చేరాను. లాడ్జిలో వాళ్ళను దించి, అక్కడి వాచ్‌మన్ చెప్పిన గుర్తులు పట్టుకొని ఆ షెడ్డుకు పోయేసరికి సాయంత్రం నాలుగున్నర.

తిరుపతి షెడ్లకూ మన ఊళ్ళ షెడ్లకూ ఒక తేడా వుంది. విజయవాడ ఆటోనగర్ సంగతి మీకు తెలుసు. అక్కడ లేనిది లేదు. ఒక దుకాణంలో కమాను పట్టీలు మాత్రమే, ఇంకో దుకాణంలో రేడియేటర్లు మాత్రమే, లారీ బాడీలు కట్టేవాళ్ళది ఒక వీధికి వీధే. తిరుపతిలో బ్రేకులకు పెద్దపీట. ఘాటు దిగివచ్చిన బళ్ళు, ఘాటు ఎక్కబోయే బళ్ళు. హైదరాబాదువీ, బెంగుళూరువీ, చెన్నపట్నంవీ. నేను వెళ్ళినప్పుడు ఆ షెడ్డు ముందు మూడు బళ్ళుంటే, మూడూ చక్రాలు విప్పించుకొనే కూర్చున్నాయి.

మేస్త్రికి అరవై అయిదు దాటి వుంటాయి. ఎడమ కనుబొమ్మ మీద తెల్లని గాటు. నేను సంగతి చెబుతుంటే సగం వరకే విన్నాడు.

“యాడనుంచి వస్తాండారు?”

“విజయవాడ.”

“కొండ కింద ఆపినారు, మేలు చేసినారు” అని కుర్రాణ్ణి కేకేశాడు. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టి, హ్యాండు బ్రేకు వదిలి, వెనుక భాగం జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాడు కుర్రాడు. జాకీని నమ్మి బండి కిందికి చెయ్యి పెట్టనివ్వడు ఆయన.

చక్రం ఊడింది. నడిమధ్య మూత తీసి, నట్టు విప్పి డ్రమ్ము లాగితే, లోపల నల్లని పొడి. కుర్రాడు కంప్రెసరు గాలిగొట్టం అందుకోబోతే మేస్త్రి చేత్తో అడ్డుకున్నాడు. పాతకాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ వుండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళు గడిచాక ప్రాణం తీస్తుంది. లోపలున్నది ఏ రకమో చూసి చెప్పలేము గనుక ఏ పొడినీ ఊదకూడదని ఆయన నియమం. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టించాడు.

ఇహ లోపలి సంసారం చెబుతాను. డ్రమ్ము బ్రేకు కొత్త సంగతేమీ కాదు. ఫ్రాన్సులో లూయీ రెనో 1902లోనే ఈ రకం వాడాడు. చక్రంతోపాటు తిరిగే ఇనప గిన్నె డ్రమ్ము. దాని లోపల, తిరగకుండా నిలబడే ప్లేటు మీద నెలవంకల్లాంటి రెండు షూలు ఎదురెదురుగా వుంటాయి. పైన రెంటి మధ్య ఒక చిన్న సిలిండరు. మనం పెడలు తొక్కితే బ్రేకు నూనె తోసుకొచ్చి, ఆ సిలిండరు షూలను అటూ ఇటూ విప్పదీస్తుంది. అవి గిన్నె లోపలి గోడను ఒరుసుకుంటాయి, బండి ఆగుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తెలియనిది ఏమిటంటే, కాలు తీశాక ఆ షూలను వెనక్కి లాగేది ఎవరు? నూనె లాగదు. దానికి తొయ్యడమే వచ్చు. లాగేవి రెండు స్ప్రింగులు, పైనొకటి, కిందొకటి. చిటికెనవేలంత కూడా లావుండవు. పైగా తిరిగే డ్రమ్ము ముందు షూను తనతోపాటు ఈడ్చుకుపోయి ఇంకా గట్టిగా అదుముకుంటుంది. డ్రమ్ము బ్రేకుకు వున్న బలమంతా అదే. ఆ అదుమునుంచి షూను విడదీసే పని ఈ స్ప్రింగులది. కౌగిలించుకున్నవాళ్ళను విడదియ్యడానికి కౌగిలికంటే కాస్త ఎక్కువ బలం కావాలిగదా!

ఇవిగాక, షూ పక్కకు వాలిపోకుండా ప్లేటుకు నొక్కిపట్టే మేకులాంటి పిన్ను ఒకటి, దాని తలకింద చిన్న స్ప్రింగు ఒకటి, ఒక్కొక్క షూకు ఒక్కొక్కటి చొప్పున. షూల మధ్య అడ్డంగా పళ్ళున్న ఒక కడ్డీ. లైనింగు అరిగేకొద్దీ అది తనంతట తానే సర్దుకొని షూలను డ్రమ్ముకు దగ్గరగా వుంచుతుంది. ఇంకొక పక్క హ్యాండు బ్రేకు లివరు. మొత్తం అరచేతిలో పట్టే సామాను.

మా ఎడమ చక్రంలో ఆ సామాను స్థితి చూడాలి! షూలు మాత్రం నిగనిగలాడుతున్నాయి, లైనింగు మందంగా వుంది. ఏడాది కిందటే మా ఊళ్ళో ఒక షెడ్డులో మార్పించినవి. “బ్రేకులు కొత్తవి” అని బిల్లు కూడా ఇచ్చారు. స్ప్రింగులు మాత్రం పుట్టినప్పటివి. పైస్ప్రింగు కొక్కెం తుప్పుతిని దబ్బనం మొనంత సన్నబడింది. కిందిది నీలిరంగు తిరిగింది. నొక్కిపట్టే చిన్న స్ప్రింగుల్లో ఒకటి విరిగి, ముక్క లోపల దొర్లుతూ డ్రమ్ముకు ఒక గీత పెట్టింది. “టక్” మన్నది అదే. నొక్కేది లేక షూ ఒకపక్కకు ఒరిగింది. లాగేది బలహీనపడి షూ పూర్తిగా వెనక్కి రాలేదు. వెనక్కి రాని షూ ఒరుసుకుంటూనే వుంది. ఒరిపిడికి వేడి, వేడికి స్ప్రింగు మరింత మెత్తబడడం, మెత్తబడితే మరింత ఒరిపిడి. అప్పువడ్డీ వ్యవహారం.

“షూలు మార్చినారు సార్, ఇవి మార్చలా” అన్నాడు మేస్త్రి. కోపంగా కాదు, అలవాటుగా. “అందురూ అంతే చేస్తారు. షూ కంటికి కనబడతాది.”

“కొండ మీద ఏమయ్యేది?”

ఆయన విరిగిన ముక్కను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. “ఈ ముక్క షూకీ డ్రమ్ముకీ మధ్యన పడితే చక్రం బిగుసుకోవచ్చు. పడకపోతే ఒరుసుకుంటా ఒరుసుకుంటా పోతాది. అప్పుడు నూనె కాగతాది.”

ఆ రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. బ్రేకు నూనెకు ఒక గుణం వుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం నూనె కొత్తగా వున్నప్పుడు 205 డిగ్రీలదాకా మరగదు. తేమ చేరి పాతబడితే 140 డిగ్రీలకే మరిగిపోవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు లేస్తాయి. నూనెను నొక్కితే ఎదురు నిలుస్తుంది. ఆవిరిని నొక్కితే నలిగిపోతుంది, అంతే. పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అది పన్నెండో మలుపు దగ్గర జరిగిందనుకోండి! అమ్మ ముందు సీట్లో వుంటుంది. ఆ మాట నేను అక్కడ ఎవరితోనూ అనలేదు.

మేస్త్రి మా నూనె డబ్బా మూత తీసి చూశాడు. పలచని టీ రంగులో వుంది. “ఇదీ మార్చాలి” అన్నాడు. అడిగినవన్నీ మార్చమన్నాను. అయితే కుడి చక్రం కూడా విప్పమని కుర్రాడికి చెప్పేసరికి మాత్రం, “అటు బాగానే వుందిగా?” అన్నాను. పొద్దు వాలుతోంది మరి.

ఆయన మాట్లాడలేదు. కుడి చక్రం విప్పించి, పైస్ప్రింగు ఊడదీసి నాకిచ్చి, సూర్యుడివైపు పెట్టి చూడమన్నాడు. చూశాను. చుట్టకూ చుట్టకూ మధ్య సన్నని వెలుతురు గీతలు. “కొత్తదాంట్లో వెలుతురు రాదు. చుట్టలు ఒకదానికొకటి అతుక్కోని వుంటాయి” అని, ఆ స్ప్రింగును సిమెంటు గచ్చు మీద పడేశాడు. “టింగ్” మని మోగింది. తన డబ్బాలోనుంచి ఒక కొత్త స్ప్రింగు తీసి పడేశాడు. “థప్” మన్నది. చుట్టలు గట్టిగా అంటిపెట్టుకొని వున్నది మోగదు. సాగిపోయి ఎడం వచ్చినదే మోగుతుంది. ఇది ఆయన గురువు నేర్పిన పరీక్షట. శాస్త్రానికి నిలబడుతుందో లేదో వాదించేవాళ్ళు వాదించవచ్చు గాని, వెలుతురు గీతలు నా కళ్ళతో నేను చూసినవి.

“ఒకపక్క కొత్తది, ఇంకోపక్క పాతది పెడితే, బ్రేకు తొక్కితే బండి ఒకదిక్కు లాగతాది సార్. ఎడ్లజత మాదిరి. ఒకటి కుర్రది, ఒకటి ముసల్ది కడితే కాడి వంకర పోతాది గదా.”

రెండువైపులకూ కావలసిన సామాను కాగితం మీద రాసి కుర్రాణ్ణి స్కూటరు మీద పంపించాడు. కుర్రాడు అరగంటలో వచ్చాడు. పొట్లం విప్పి చూసి మేస్త్రి తల అడ్డంగా వూపాడు. పొడవు సరిపోయింది, కొక్కెం సరిపోయింది, తీగ లావు మాత్రం తక్కువ. నా కంటికి రెండూ ఒకటే. ఆయన గోటితో చుట్టలు లెక్కపెట్టి చూపిస్తేగాని తేడా తెలియలేదు. అప్పటికి ఆరు కావస్తోంది. దుకాణాలు మూసేస్తే మర్నాడు తొమ్మిదింటికిగాని తియ్యరు, మా టిక్కెట్టు పదిగంటలకు. “ఈ రాత్రికి ఇవే వేస్తే?” అన్నాను.

“నేను వెయ్యను. వేరేవాళ్ళతో వేయించుకోండి” అన్నాడు, స్టూలు మీదినుంచి లేవకుండానే.

కుర్రాడు మళ్ళీ స్కూటరెక్కాడు. ఆ నలభై నిమిషాలు నేను షెడ్డు బయట నిలబడి కొండవైపు చూశాను. చీకటి పడేకొద్దీ ఘాటురోడ్డు దీపాలు ఒక్కొక్కటే వెలిగి, కొండ మెడలో వంకరటింకర గొలుసు వేసినట్టయింది. చూడడానికి ఎంత బాగుంటుందో! ఆ గొలుసులో కదులుతున్న ప్రతి చుక్కా ఒక బండి, ప్రతి బండిలోనూ ఒక సంసారం. వాటన్నిటి వెనుక చక్రాల్లోనూ చిటికెనవేలంత స్ప్రింగులు.

లాడ్జినుంచి మా ఆవిడ ఫోను. “అమ్మ భోంచెయ్యనంటున్నదండీ. బండి సంగతి తేలితేగాని తిననంటున్నది.”

ఏడింటికి కుర్రాడు సరైన సామానుతో వచ్చాడు. ఆ పెట్టె ఖరీదు, రెండువైపులకూ కలిపి, మేము నలుగురం దారిలో చేసిన ఉదయం ఫలహారం కంటే తక్కువ.

బిగించేటప్పుడు ఆయన పద్ధతి చూడవలసిందే. రెండువైపులా ఒకేసారి విప్పి గుట్టపొయ్యడు. ఒకవైపు పూర్తిగా బిగించాకే రెండోవైపు షూలు ఊడదీస్తాడు. ఎక్కడైనా అనుమానం వస్తే, విప్పని పక్క పోయి చూసుకోవచ్చు. ఊడిన ప్రతి ముక్కనూ అది వున్న చోటి ప్రకారమే గోనె మీద పరుస్తాడు. పైది పైన, కిందిది కింద. ప్లేటు మీద షూ ఒరిగే ఆరు చోట్ల, వేడికి కారని గ్రీజు ఆవగింజంత అద్దాడు. అంతకు మించితే కారి లైనింగుకు తగులుతుంది. తగిలిందా, కొత్త షూ కూడా పనికిరాదు. సిలిండరు రబ్బరు తొడుగు అంచు ఎత్తి చూశాడు. పొడిగా వుంది. తడి వుంటే సిలిండరు కూడా పోయినట్టేనట. పళ్ళకడ్డీ తుప్పు గీకి, పళ్ళు కదులుతున్నాయో లేదో చేత్తో ఆడించాడు. డ్రమ్ము గీతను గోటితో తడిమాడు. గోరు పట్టలేదు గనుక నూగు కాగితంతో రుద్ది వదిలేశాడు.

తరవాత నొక్కిపట్టే పిన్నులు. ప్లేటు వెనుకనుంచి పిన్ను తలను ఒక వేలితో ఆపి, ముందునుంచి స్ప్రింగును నొక్కి, పిన్నును పావుచుట్టు తిప్పి వదిలాడు. “టిక్” మని కూర్చుంది. నాకు ఇవ్వమంటే ఇచ్చాడు. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ స్ప్రింగు జారి గచ్చు మీదికి గెంతింది. కుర్రాడు మర్యాదగా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చివర పెద్ద స్ప్రింగులు. అప్పుడు మాత్రం నన్ను దూరంగా జరగమన్నాడు. తనూ కుర్రాడూ కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. కొక్కీ సాధనంతో స్ప్రింగును సాగదీసి షూ బెజ్జంలోకి దించేటప్పుడు పొరపాటున జారితే, అది ఉండేలు దెబ్బ. ఆయన కనుబొమ్మ మీది గాటు అలా వచ్చినదే. “పదిహేడో ఏట. ఒక్క అంగుళం కిందికి వచ్చింటే కన్ను పొయ్యుండేది” అన్నాడు, స్ప్రింగు దించుతూ.

డ్రమ్ములు ఎక్కాయి. నూనె మార్చి, గాలి బుడగలన్నీ పొయ్యేదాకా నాచేత పెడలు తొక్కించాడు. ఆ తరవాత చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి ఒగ్గి విన్నాడు. చీర కుచ్చిళ్ళు నేలను రాసుకున్నంత చప్పుడు వుండాలట. ఏమీ లేకపోతే షూ మరీ దూరంగా వున్నట్టు, గరగరమంటే మరీ దగ్గరగా వున్నట్టు. ఎడమది విన్నాడు, కుడిది విన్నాడు. మళ్ళీ ఎడమది. ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తనే నడిపి, నాలుగుసార్లు ఆపి చూశాడు. తొమ్మిదింటికి బండి నాకిచ్చాడు.

“దిగేటప్పుడు రెండో గేరు. కాలు బ్రేకు మీదే పెట్టుకోని దిగొద్దండి. ఒకతూరి గట్టిగా తొక్కి, వదలండి. మళ్ళా తొక్కి, వదలండి. వదిలినప్పుడు అది ఊపిరి పీల్చుకుంటాది” అని, డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. “అలిపిరి దాటినాక బండి ఆపి, వెనక చక్రాలు రెండూ చెయ్యి దగ్గరపెట్టి చూడండి. రెండూ ఒకే మాదిరి వుంటే నాకు ఫోను చెయ్యొద్దు. తేడా వుంటే చెయ్యండి.”

మర్నాడు ఉదయం అలిపిరిలో టెంకాయ కొట్టాము. పక్కనే కొత్త బండి ఒకటి, దండ వేసుకొని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించుకొని సిద్ధంగా వుంది. మా అమ్మ పట్టుబట్టి మా బండికీ నాలుగు నిమ్మకాయలు పెట్టించింది. “వెనకవాటికి పెద్ద కాయలు పెట్టు నాయనా, వాటికే ఒంట్లో బాగుండలేదు” అన్నది నిమ్మకాయలవాడితో. కొండ ఎక్కడం, దర్శనం సంగతి ప్రత్యేకంగా రాయను. పోయినవాళ్ళకు తెలుసు, పోనివాళ్ళు పోవాలి. అమ్మ స్వామిని చూసి ఏం కోరిందో మాకు చెప్పలేదు.

మూడు గంటలకు దిగడం మొదలుపెట్టాము. పైన గేటు దగ్గర వేళ గుర్తువేసిన చీటీ ఇస్తారు. నిర్ణయించిన వ్యవధికంటే ముందే కిందికి చేరితే జరిమానా. మేము దిగిన నాడు ఆ వ్యవధి 40 నిమిషాలు. అది ఎవరి ఆలోచనో గాని, దండం పెట్టవలసిన ఆలోచన. తొందరపడితే లాభం లేదని తెలిశాక ఎంతటివాడూ నిదానస్తుడే అవుతాడు.

రెండో గేరులో బండి గుర్రుమంటూ దిగింది. పాత రోడ్డు కొత్తదానికంటే అందమైనది. ఒకపక్క ఎర్రటి కొండ చరియ, ఇంకోపక్క చెట్ల నెత్తుల మీదుగా తిరుపతి ఊరంతా పరిచినట్టు. మలుపు తిరిగినప్పుడల్లా ఊరు కుడివైపునుంచి ఎడమవైపుకు మారుతుంది. ఏడో మైలు ఆంజనేయస్వామి దగ్గర నడకదారి భక్తులు మెట్లకు పసుపు కుంకుమలు పెడుతూ ఎక్కుతున్నారు. మోకాళ్ళ మిట్ట చూపించి, “మీ నాన్నగారూ నేనూ ఇక్కడే కూలబడ్డాం” అన్నది అమ్మ. మేము దిగుతున్నాము, ఆవిడ మాత్రం యాభై ఏళ్ళ కిందట ఎక్కుతున్నది.

ఒక మలుపు దగ్గర ఒక పెద్ద కారు పక్కకు ఆగివుంది. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. డ్రైవరు సీసాలో నీళ్ళు తీసుకొని చక్రం మీద పొయ్యబోతుంటే, గస్తీ మనిషి వద్దని వారిస్తున్నాడు. కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే వంకర పోతుంది, పగలనూవచ్చు. ఊరికే ఆగి చల్లారనివ్వడమే దానికి వైద్యం. వాళ్ళ పిల్లలు పిట్టగోడ మీద కూర్చుని లడ్డూ తింటున్నారు.

తొక్కి, వదిలి, తొక్కి, వదిలి. పెడలు ప్రతిసారీ అదే ఎత్తున, అదే గట్టితనంతో కాలికి తగిలింది. నలభై నాలుగు నిమిషాలకు కింద గేటులో చీటీ ఇచ్చాము.

అలిపిరి దాటి, చింతచెట్టు నీడలో బండి ఆపాను. చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూశాను. ఎడమ వెనుక చక్రం: వెచ్చగా. కుడి వెనుక చక్రం: వెచ్చగా. మా అమ్మాయి కూడా చూసింది. మా ఆవిడ చూసింది. అమ్మ కారులోనుంచి, “ఏమిట్రా, అందరూ చలి కాచుకుంటున్నారా?” అన్నది.

మేస్త్రికి ఫోను చెయ్యలేదు. తిరుచానూరు పోయి అమ్మవారిని చూసుకొని, చీకటి పడేవేళకు నాయుడుపేట దాటాము.